రాత్రంతా మాస్కు వేసుకుంటే చర్మం నిజంగా బిగుతవుతుందా?

పోయిన నెలలో మా వదిన ఆన్‌లైన్‌లో కొలాజెన్ (చర్మాన్ని బిగుతుగా పట్టి ఉంచే ప్రొటీన్) మాస్కులు తెప్పించింది. డబ్బాలో నాలుగుంటాయి, ఒక్కోటి మూడు వందల పైనే పడింది. చేతిలోకి తీసుకుంటే లేత కొబ్బరిలా తెల్లగా, జారిపోతూ ఉంటుంది. రెండు ముక్కలు, నుదురు నుంచి ముక్కు దాకా ఒకటి, కింద గదుమకి ఒకటి. రాత్రి పదింటికి అతికించుకుని పడుకుంటే తెల్లారేసరికి ఆ తెలుపంతా పోయి గాజు కాగితంలా అవుతుంది. అంటే అందులో ఉన్న కొలాజెన్ అంతా మొహంలోకి ఇంకిపోయినట్టేనని వీడియోల్లో చెప్తారు. పొద్దున వంటింట్లోకి వస్తూనే వదిన నా చెయ్యి పట్టుకుని తన చెంప మీద పెట్టుకుంది. "చూడు, ఎట్లయిందో." నిజంగానే నున్నగా, మెత్తగా, కొంచెం పొంగినట్టు ఉంది. సాయంత్రం ఐదున్నరకు ఆఫీసు నుంచి వచ్చాక అద్దం ముందు నిలబడి మళ్లీ తడుముకుంది. మామూలు చెంపే. "మరి పొద్దున ఉన్నదంతా ఎటు పోయింది?" అని అడిగింది.

ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. నల్లగొండలో మా బాపుది మెడికల్ షాపు. బీఫార్మసీ అయిపోయిన దగ్గర్నుంచి నేను కూడా కౌంటర్‌లో కూర్చుంటున్నా. మొహానికి రాత్రి రాసుకోవడానికి ఏదైనా ఇవ్వమని అడిగేవాళ్లు రాని రోజు ఉండదు. అందరూ అడిగేది రెండే మాటలు, నున్నగా కావాలి, బిగుతుగా కావాలి. చిక్కంతా ఈ బిగుతు అనే మాటలోనే ఉంది. దాని కింద మనం మూడు వేరు వేరు సంగతుల్ని కలిపేసి మాట్లాడుతున్నాం. అవి విడదీసి చూస్తే ఏ మాస్కు ఏం చేస్తుందో, ఏది చెయ్యలేదో ఎవరికి వారికే తెలిసిపోతుంది.

మొదటిది ఎండిన పొర బిగుతు. ముల్తానీ మట్టి, గుడ్డు తెల్లసొన, శనగపిండి, ఇవి మొహం మీద ఆరుతున్నప్పుడు నీళ్లు పోయి కుంచించుకుపోతాయి, కింద ఉన్న చర్మాన్ని కూడా పట్టి లాగుతాయి. నవ్వితే పగిలిపోతుందా అన్నట్టు ఉంటుంది కదా, ఆ బిగుతు మట్టిది, మన చర్మానిది కాదు. కడిగేస్తే పోతుంది. మా వైపు బోరు నీళ్లతో స్నానం చేశాక మొహం పట్టేసినట్టు ఉండేది కూడా దాదాపు ఇదే. మన బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ, అందుకే సబ్బు నురగ రాదు, సబ్బుతో కలిసి కరగని పొరలా చర్మం మీదే ఉండిపోతుంది. పైగా చర్మం సహజంగా కొంచెం ఆమ్లం వైపు ఉంటుంది, పీహెచ్ అనే కొలతలో (ఏడు కంటే తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం) ఐదు దగ్గర. మామూలు సబ్బేమో తొమ్మిది, పది. చాలామంది ఈ పట్టేసినట్టుండే తనాన్ని శుభ్రం అనుకుంటారు, కొంతమంది బిగుతు అనుకుంటారు. అసలు సంగతి ఏంటంటే చర్మం పైపొర దెబ్బతిని ఎండిపోయింది, మాయిశ్చరైజర్ పెట్టమని అడుగుతోంది. ఫ్లోరైడ్ నీళ్లతో మొహం పాడవుతుందా అని కూడా కొందరు అడుగుతారు. ఫ్లోరైడ్ బాధ తాగితే పళ్లకు, ఎముకలకు. మొహం కడిగినప్పుడు మనల్ని ఇబ్బంది పెట్టేది నీళ్ల కాఠిన్యం.

రెండోది నీళ్ల పొంగు. రాత్రి మాస్కులు ఇచ్చేది ఇదే. రాత్రి నానబోసిన పెసలు గుర్తు తెచ్చుకోండి. సాయంత్రం గట్టిగా చిన్నగా ఉన్న గింజ, పొద్దునకి నీళ్లు తాగి నున్నగా నిండుగా అవుతుంది. మళ్లీ ఎండలో ఆరబోస్తే ముడుచుకుపోతుంది. మన చర్మం అన్నిటికంటే పైన ఉండే పొర కూడా అంతే. చచ్చిపోయిన కణాలు ఇటుకల్లా పేర్చి, మధ్యలో సెరమైడ్లు అనే కొవ్వులు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు సిమెంటులా నింపిన గోడ అది. మందం చూస్తే వెంట్రుక కంటే పలచన. ఆ ఇటుకలు నీళ్లు పీల్చుకుంటే ఉబ్బుతాయి, మధ్యలో ఉన్న సన్నని గీతలు పూడిపోతాయి, వెలుగు సమంగా పడి మొహం మెరుస్తుంది. దానికి తోడు రాత్రంతా పడుకుని ఉంటాం కాబట్టి ఒంట్లో నీరు మొహం వైపు కూడా కొంత చేరుతుంది, లేవగానే కళ్ల కింద ఉబ్బు కనిపించేది అందుకే. ఈ రెండూ కలిస్తే వదిన పొద్దున చూపించిన చెంప. మధ్యాహ్నానికి ఫ్యాన్ గాలికి, ఎండకి ఆ నీళ్లు ఆవిరైపోయాయి, నిలబడి తిరిగేసరికి ఉబ్బు కూడా దిగింది. అది మోసం కాదు, ఆ నునుపు నిజమే. కాకపోతే ఆ పూటది.

మరి ఆ మాస్కు గాజులా మారడం? అది కూడా చూద్దామని వదిన రెండో మాస్కు వేసుకునేటప్పుడు అంచు నుంచి చిన్న ముక్క కత్తిరించి తీసుకున్నా. స్టీలు ప్లేటులో పెట్టి ఫ్యాన్ కింద వదిలేశాను. పొద్దున చూస్తే పలచబడి, అంచులు ముడుచుకుని, ప్లేటుకి అతుక్కుపోయి ఉంది. ప్లేటు కొలాజెన్ పీల్చుకోదు కదా. ఆ మాస్కు జెల్లీలో ఎక్కువ భాగం నీళ్లే, నీళ్లు పోతే అది పలచబడుతుంది, కొంత చర్మంలోకి పోతుంది, కొంత గాలిలోకి పోతుంది. రంగు మారిందంటే నీళ్లు పోయాయని అర్థం, కొలాజెన్ లోపలికి వెళ్లిందని కాదు.

కొలాజెన్ ఎందుకు వెళ్లదో చెప్పడానికి ఒక లెక్క చాలు. అణువుల బరువును డాల్టన్లలో కొలుస్తారు. నీటి అణువు 18. గ్లిజరిన్ 92. క్రీముల్లో కలిపే నియాసినమైడ్ 122. రెటినాల్ 286. మనం తినే పంచదార 342. ఆరోగ్యంగా ఉన్న చర్మం పైపొరను దాటి లోపలికి పోవాలంటే సుమారు 500 డాల్టన్ల లోపు ఉండాలనేది చర్మ శాస్త్రంలో 2000 సంవత్సరం నుంచి చెప్పుకుంటున్న మోటు లెక్క. కొలాజెన్ అణువు సుమారు 3 లక్షల డాల్టన్లు. పిండి జల్లెడలోంచి గుమ్మడికాయ పంపించినట్టు ఉంటుంది. ముక్కలు చేసిన కొలాజెన్ అని రాసి అమ్మేవి కూడా ఎక్కువగా కొన్ని వేలల్లోనే ఉంటాయి. హైలురానిక్ ఆమ్లం కూడా మామూలు రూపంలో లక్షల్లో ఉంటుంది, అది పైనే కూర్చుని నీళ్లు పట్టుకుంటుంది. పైన కూర్చుని నీళ్లు పట్టుకోవడం కూడా ఉపయోగమే, కానీ దానికి మూడు వందలు పెట్టాలా అన్నది వేరే ప్రశ్న. అదే పని చవకగా దొరికే గ్లిజరిన్ బాగా చేస్తుంది.

రాత్రే ఎందుకు అంటే దానికి కారణం ఉంది. రాత్రిపూట చర్మం కొంచెం వెచ్చబడుతుంది, దాని గోడ పగటికంటే కొంచెం వదులవుతుంది, లోపలి నీళ్లు ఎక్కువగా బయటికి పోతాయి. అందుకని రాత్రి తేమ పెట్టి పైన మూత వేస్తే పనికొస్తుంది, ఎండ ఉండదు, చెమట తక్కువ, మాటిమాటికీ మొహం కడుక్కోం. మంచి నైట్ మాస్కు దేన్ని చూసినా అందులో మూడు రకాల పనివాళ్లు ఉంటారు. నీళ్లు పట్టేవి (గ్లిజరిన్, హైలురానిక్ ఆమ్లం, యూరియా), గోడ సందులు పూడ్చేవి (సెరమైడ్లు, స్క్వాలేన్), పైన మూత వేసేవి (పెట్రోలియం జెల్లీ, డైమెథికోన్). మొదటిది పెట్టి మూడోది పెట్టకపోతే, ముఖ్యంగా ఏసీ గదిలో, పట్టిన నీళ్లు గాలికి పోతాయి. 1872లో అమెరికాలో రాబర్ట్ చెస్‌బ్రో అనే ఆయన పేటెంట్ చేసిన వ్యాసలీన్‌ని ఇప్పటికీ ఎవరూ మించలేదు, చర్మం నుంచి నీళ్లు ఆవిరి కావడాన్ని అది 98 శాతం దాకా ఆపగలదు. మా నాయనమ్మ చలికాలం పడుకునే ముందు తడి మొహం మీద వెన్న రాసుకునేది. సూత్రం అదే, వెన్న కంటే జెల్లీ నయం, వాసన రాదు, పాడైపోదు, చీమలు పట్టవు.

అయితే నల్లగొండలో మే నెల వేరు. ఎండ 45 డిగ్రీలు దాటిన రోజున, రాత్రి కరెంటు పోయి కూలర్ ఆగిపోయినప్పుడు, మొహం మీద మందంగా జెల్లీ పూసుకుని పడుకుంటే చెమట బయటికి రాక పొక్కులు లేస్తాయి. మొటిమలు వచ్చే మొహాలకైతే నూనెలు, ముఖ్యంగా కొబ్బరి నూనె, రంధ్రాలను మూసేస్తాయి. జిడ్డులో పెరిగే ఒక రకం శిలీంధ్రం ఉంది, దానివల్ల నుదుటి మీద, చెంపల పక్కన ఒకే సైజులో చిన్న చిన్న దురద పొక్కులు వస్తాయి, మొటిమల మందు ఎంత రాసినా తగ్గవు. ఈ మందపాటి మూత పద్ధతి డిసెంబర్, జనవరిలో పెదాలు పగిలే చలికి పెట్టుకోండి. ఎండాకాలం జెల్ లాంటి పలచటి మాయిశ్చరైజర్ చాలు. కాగితం షీటు మాస్కులు రాత్రంతా ఉంచుకోవద్దు, వాటి మీద రాసినట్టు పదిహేను ఇరవై నిమిషాలే. తడిలో గంటల తరబడి నానితే చర్మం బట్టలుతికిన వేళ్లలా మెత్తబడి బలహీనమవుతుంది, తర్వాత షీటు ఎండిపోతూ చర్మంలో తేమను కూడా లాగుతుంది.

ఇంట్లో చేసుకునేవాటి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మన జిల్లాలో బత్తాయి తొక్కలు ఎండబెట్టి పొడి కొట్టని ఇల్లు తక్కువ. ఆ పొడి పెరుగులో కలిపి పది నిమిషాలు పెట్టుకుని కడిగేస్తే చాలామందికి ఏమీ కాదు, పెరుగులోని లాక్టిక్ ఆమ్లం కొంచెం నునుపు కూడా ఇస్తుంది. రాత్రంతా ఉంచితే మాత్రం అది ఎండి, దిండు మీద రాసుకుని గీరుకుపోతుంది. నిమ్మరసం అసలు వద్దు. నకిరేకల్ దిక్కు నిమ్మ తోటలున్న మా చుట్టాలకు కూడా ఇదే చెప్తా. నిమ్మరసం పీహెచ్ రెండు దగ్గర ఉంటుంది, అంటే చర్మం కంటే దాదాపు వెయ్యి రెట్లు ఆమ్లం. పైగా నిమ్మజాతి రసాల్లో ఎండ తగిలితే చర్మాన్ని కాల్చే పదార్థాలున్నాయి. రాత్రి రాసుకుని సరిగ్గా కడగకుండా పొద్దున బండి మీద పోతే మచ్చలు పడతాయి. మన రంగు చర్మానికి ముడతలు ఆలస్యంగా వస్తాయి కానీ మచ్చలు తొందరగా వస్తాయి, చిన్న మంట, చిన్న పొక్కు కూడా నెలల తరబడి నల్లటి గుర్తు వదిలి పోతుంది. అందుకే కొత్తది ఏది కొన్నా ముందు చెవి వెనక గానీ మోచేతి లోపల గానీ నాలుగైదు రాత్రులు వరసగా రాసి చూడమని నేను బతిమాలి చెప్తుంటా. ఎర్రబడితే మానేస్తారు, అంతే కదా. మొహం మీదైతే పెళ్లి ఫొటోల్లో కనిపిస్తుంది.

ఇక మూడోది, అసలు బిగుతు. ఇది పైపొర కింద, డెర్మిస్ అనే మందపాటి పొరలో ఉంటుంది. అక్కడ కొలాజెన్ పోగులు నులక మంచం అల్లికలా ఉంటాయి. నులక బిగువుగా ఉన్నంత కాలం మంచం నిలుస్తుంది, సడలితే మధ్యలో కుంగుతుంది. ఇరవైలు దాటాక ఆ కొలాజెన్ ఏడాదికి సుమారు ఒక శాతం చొప్పున తగ్గుతుంది, ఆడవాళ్లకు నెలసరి ఆగిపోయాక మొదటి ఐదేళ్లలోనే దాదాపు 30 శాతం పోతుందని అంచనా. యాభై దాటిన మా చిన్నమ్మ "ఒక్కసారిగా మొహం వాడిపోయింది" అని బాధపడితే, అందులో ఆమె తప్పేం లేదు. ఆ పొరలో కొత్త పోగులు పుట్టాలంటే లోపలి కణాలు పని చెయ్యాలి, ఆ పనికి నెలలు పడుతుంది. ఎనిమిది గంటల నిద్రలో జరిగేది కాదు.

ఆ నులకను అందరికంటే ఎక్కువ తెంపేది ఎండ. 2012లో అమెరికాలోని ఒక వైద్య పత్రికలో 69 ఏళ్ల లారీ డ్రైవర్ ఫొటో వచ్చింది. ఆయన 28 ఏళ్లు డెలివరీ లారీ నడిపాడు, అక్కడ స్టీరింగ్ ఎడమవైపు కాబట్టి కిటికీ ఎండ ఎడమ చెంపకే తగిలేది. మొహం ఒక పక్క మామూలు ముసలితనం, ఇంకో పక్క దున్నిన చెలకలా మందంగా చాళ్లు. ఎండలోని యూవీ-ఏ (UVA) అనే రకం అతినీలలోహిత కిరణాలు కిటికీ అద్దంలోంచి కూడా దూరి డెర్మిస్ దాకా పోతాయి. మా మేనమామ ఆర్టీసీలో విజయవాడ రూట్ చేసేవాడు, ఆయన రెండు చేతులు పక్కపక్కన పెడితే కుడి చెయ్యి ముంజేతి దగ్గర రెండు ఛాయలు నలుపు, తోలు కూడా గరుకు. మన దగ్గర స్టీరింగ్ కుడివైపు. కాబట్టి బిగుతు కోసం రాత్రి మీద పెట్టే ఖర్చులో సగం పగటి మీద పెట్టండి. ఎస్‌పీఎఫ్ 30 ఉన్న సన్‌స్క్రీన్ చర్మాన్ని కమిలించే కిరణాల్లో 97 శాతం ఆపుతుంది. కాకపోతే చూపుడు వేలు, మధ్య వేలు పొడుగునా రెండు గీతలు పిండి అంత పరిమాణం మొహానికి, మెడకి రాయాలి. బఠానీ గింజంత తీసుకుని పూస్తే ఆ లెక్క రాదు. చెమట పట్టే పని అయితే మళ్లీ రాసుకోవాలి. స్కూటీ మీద పోయే అమ్మాయిలు, పాలమూరు పత్తి చేలల్లో పని చేసే ఆడవాళ్లు మొహానికి దగ్గరి నేత చున్నీ చుట్టుకోవడం నిజంగా మంచి పని, దానికి ఖర్చు కూడా లేదు.

రాత్రి రాసుకునేవాటిలో ఆ నులకను కొంచెమైనా బిగించగలదని గట్టి ఆధారం ఉన్నది రెటినాయిడ్లకే, అంటే విటమిన్-ఎ జాతి మందులకే. వాటిలో ఒకటైన ట్రెటినాయిన్‌కి అమెరికాలో 1971లో మొటిమల మందుగా అనుమతి వచ్చింది. వాడిన నడివయసు ఆడవాళ్లు ముడతలు కూడా తగ్గుతున్నాయని చెప్పడంతో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఆల్బర్ట్ క్లిగ్‌మన్ బృందం దాన్ని పరీక్షించి 1986లో ప్రచురించింది, 1995లో ముడతల క్రీముగానూ అనుమతి వచ్చింది. ఇది లోపలి కణాలతో కొత్త కొలాజెన్ చేయిస్తుంది, మూడు నుంచి ఆరు నెలలు ఓపిక పట్టాలి. మొదటి వారాల్లో పొట్టు రాలుతుంది, మంట పుడుతుంది, అందుకే వారానికి రెండు రాత్రులతో మొదలుపెట్టి, మాయిశ్చరైజర్‌తో కలిపి రాయాలి, దీనికి మాత్రం బఠానీ గింజంత చాలు. డాక్టర్ చీటీతో తీసుకోవాల్సిన మందు ఇది. కడుపుతో ఉన్నవాళ్లు, పిల్లలకు ప్లాన్ చేసుకుంటున్నవాళ్లు వాడకూడదు. చీటీ లేకుండా దొరికే రెటినాల్ దీని కంటే నెమ్మది, కానీ దారి అదే, జాగ్రత్తలూ అవే. రెటినాల్ రాసిన రాత్రి గ్లైకాలిక్ లాంటి ఆమ్లాలు రాయొద్దు, దాని మీద మందంగా జెల్లీ పూసి పడుకోవద్దు, మంట ఎక్కువవుతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించే సంగతి. ఒక రాత్రిలో, వారంలో మొహం తెల్లగా, నున్నగా, మచ్చ లేకుండా అయిపోతే సంతోషపడకండి, అనుమానపడండి. మా కాలనీలో ఒకామె కూతురి పెళ్లికి ముందు ఏదో దుకాణంలో ఇచ్చిన చిన్న ట్యూబు రాత్రి క్రీము అని రాసుకుంది. పది రోజుల్లో అందరూ మెచ్చుకున్నారు. ఎనిమిది నెలల తర్వాత మా కౌంటర్ ముందుకు వచ్చింది. చెంపల మీద సన్నని ఎర్రటి నరాలు, పెదవి పైన వెంట్రుకలు, నిప్పు దగ్గరికి పోతే మంట, రాయడం ఆపితే మొహమంతా పొక్కులు. ట్యూబు చూపించమన్నా. చిన్న అక్షరాల్లో బీటామెథాసోన్ అని ఉంది. స్టెరాయిడ్ అది. తామర మీద, గజ్జిలో దురద మీద జనం దాన్నే రాస్తారు, అక్కడా తప్పే, మొహం మీద మరీ తప్పు. అది వాపును అణిచి, రక్తనాళాల్ని కుదించి తెల్లగా నున్నగా చూపిస్తుంది, లోపల మాత్రం కొలాజెన్ తయారీని ఆపి చర్మాన్ని పలచన చేస్తుంది. బిగుతు కోసం రాసుకున్నది నులకనే కోసేస్తుంది. 2018లో కేంద్ర ఆరోగ్య శాఖ 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్ అనే మందుల జాబితాలోకి తెచ్చింది. అయినా ఫెయిర్‌నెస్ క్రీము పేరుతో చేతులు మారుతూనే ఉన్నాయి. ట్యూబు మీద బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మోమెటాసోన్ అన్న పేర్లు కనిపిస్తే మొహానికి రాయొద్దు. ఇప్పటికే నెలల నుంచి రాస్తున్నవాళ్లు భయపడి ఒక్కరోజులో ఆపేయకండి, చర్మ డాక్టర్ దగ్గరికి ఆ ట్యూబు పట్టుకుని పోండి, మెల్లగా ఎలా మాన్పించాలో వాళ్లకు తెలుసు.

పేరు, తయారీ చిరునామా, లైసెన్స్ నంబరు లేని డబ్బాల్లో ఇంకో ప్రమాదం పాదరసం. 2023లో కేరళ మలప్పురంలో కిడ్నీ జబ్బుతో వచ్చిన పలువురు తెల్లబడే క్రీములు వాడుతున్నారని డాక్టర్లు గుర్తించారు. మన దేశంలో 2020 కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం పాదరసం కలిపిన సౌందర్య క్రీములు అమ్మకూడదు, తయారు చెయ్యకూడదు. లేబుల్ లేని డబ్బాకి నిబంధనలేం తెలుస్తాయి, కాబట్టి పార్లర్‌లో ఇచ్చినా, దుబాయ్ నుంచి వచ్చిన తమ్ముడు తెచ్చినా లేబుల్ లేకుంటే మొహానికి పెట్టకండి.

ఆ రోజు సాయంత్రం వదినకు ఇదంతా ఒక్కసారి చెప్పలేదు, పెసలు నానబోస్తూ కొంచెం, మాస్కు ముక్క ఆరిపోయిన ప్లేటు చూపించి కొంచెం చెప్పా. ఇప్పుడు ఆమె రాత్రి తొమ్మిదింటికి బోరు నీళ్లతో కాకుండా ప్రభుత్వం మిషన్ భగీరథ కింద ఇచ్చే నల్లా నీళ్లు మగ్గులో తీసుకుని మొహం కడుక్కుంటోంది, తడి ఆరకముందే గ్లిజరిన్ ఉన్న మామూలు మాయిశ్చరైజర్ రాస్తోంది, పెదాలకు జెల్లీ. బుధ, శని రాత్రులు రెటినాల్. పొద్దున సన్‌స్క్రీన్ రెండు వేళ్ల కొలత వేసుకునేటప్పుడు నన్ను పిలిచి "ఇంత సరిపోతుందా?" అని చూపిస్తుంది. మిగిలిన రెండు కొలాజెన్ మాస్కులు ఫ్రిజ్‌లో ఉన్నాయి. మాఘంలో మిర్యాలగూడలో పెళ్లి ఉంది, ముందు రోజు రాత్రి ఒకటి వేసుకుంటానంది. వేసుకో అన్నా. ముహూర్తం పొద్దున ఎనిమిదింటికి, ఫొటోలయ్యేదాకా ఆ పొంగు ఉంటుంది.